కళాకారులను వారి మూలాల గురించి ఎలా అడగాలి, ఆ మాటల నుంచి నగర దర్శినిని ఎలా రాయాలి

కళాకారులతో ముఖాముఖీలు రాయడం కొత్తగా మొదలుపెట్టినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. మూలాల గురించి అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతున్నారు, ఏం చేయాలన్నది మొదటిది. వ్యాసం చివర ఇచ్చే నగర సాంస్కృతిక సూచనలను ఎవరూ చదవడం లేదు, ఎందుకన్నది రెండవది. ఈ రెండింటికీ కారణం ఒక్కటేనని నా అనుభవం చెబుతోంది. మూలాలను మనం భావాలుగా అడుగుతున్నాం, సూచనలను వేరే చోటి నుంచి తెచ్చి అతికిస్తున్నాం. మూలాల గురించి అడిగేటప్పుడు చోట్ల పేర్లతో, వస్తువుల పేర్లతో అడిగితే ఆ జవాబుల్లోనే నగర సూచనలకు కావలసిన ముడిసరుకు దొరుకుతుంది. ఆ పని ఎలా చేయాలో వరుసగా రాస్తున్నాను.

కావలసినవి

- ఒక రికార్డరు, లేదా మంచి మైకు తగిలించిన ఫోను. రెండో రికార్డింగు కోసం ఇంకొక ఫోను.
- పూర్తిగా ఛార్జి చేసిన బ్యాటరీలు, తగినంత ఖాళీ ఉన్న మెమరీ కార్డు.
- ఒక నోటు పుస్తకం, గీతలు లేని పెద్ద తెల్లకాగితాలు నాలుగైదు, రెండు రంగుల పెన్నులు.
- తెలుగులో ఒక పేజీకి మించని సమ్మతి పత్రం, రెండు ప్రతులు.
- సంభాషణకు రెండు గంటలు, రాతకు కనీసం రెండు పూర్తి రోజులు, నగరంలో తిరిగి చూడడానికి ఒక రోజు. ఈ చివరి రోజు లేకపోతే నగర సూచనలు రాయవద్దు, ముఖాముఖీ మాత్రమే ప్రచురించండి.

1. ఒక మనిషిని, ఒక నగరాన్ని మాత్రమే ఎంచుకోండి

ముగ్గురు కళాకారులను ఒకే వ్యాసంలో ఇరికిస్తే ఒక్కొక్కరి గురించి పరిచయ వాక్యాలే మిగులుతాయి. ఆ నగరంలో పుట్టినవారైనా, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారైనా పరవాలేదు. బయటి నుంచి వచ్చినవారు నగరాన్ని ఒకసారి నేర్చుకున్నారు కాబట్టి, ఆ నేర్చుకున్న క్రమాన్ని చెప్పగలుగుతారు. కొత్తవారికి అది సులువైన ఎంపిక.

2. వెళ్ళే ముందు కాలపట్టిక తయారు చేసుకోండి

ఒక కాగితంపై మూడు నిలువు వరుసలు గీయండి. మొదటి వరుసలో సంవత్సరం, రెండో వరుసలో ఆయన లేదా ఆమె ఉన్న చోటు, మూడో వరుసలో చేసిన పని రాయండి. పాత ముఖాముఖీలు, ప్రదర్శనల కరపత్రాలు, పుస్తకాల వెనుక అట్టలు చూసి దొరికినంత నింపండి. ఖాళీగా మిగిలిన గడులే మీ ప్రశ్నలు. పాత ముఖాముఖీల్లో రెండుసార్లకు మించి కనిపించిన సంఘటనలను విడిగా మరో కాగితంపై రాసుకోండి. అవి ఆ కళాకారుడు చెప్పి చెప్పి నునుపు చేసిన కథలు. వాటిని మళ్ళీ అడగకండి. ఆయనే మొదలుపెడితే మధ్యలో ఆపకుండా విని, పాత కథనంలో లేని వివరం ఒక్కటి అడగండి. అప్పుడు ఆ గదిలో ఇంకా ఎవరున్నారని అడిగితే చాలాసార్లు కథ కొత్త దారి పడుతుంది.

3. సమ్మతి ముందే తీసుకోండి

రికార్డు చేస్తున్నారని, ఎక్కడ ప్రచురిస్తారని, ప్రచురణకు ముందు ఏమేమి చూపిస్తారని, రికార్డింగును ఎంతకాలం ఉంచుతారని సమ్మతి పత్రంలో స్పష్టంగా రాయండి. ప్రచురణకు ముందు ఏ జవాబునైనా వెనక్కి తీసుకునే హక్కు వారికి ఉంటుందన్న వాక్యం తప్పనిసరి. ఈ ఒక్క వాక్యం ఉన్నందువల్ల ఎదుటివారు ధైర్యంగా మాట్లాడడం నేను చాలాసార్లు చూశాను. నిజంగా వెనక్కి తీసుకున్నవారు మాత్రం చాలా తక్కువ.

4. ప్రశ్నలను చోట్లుగా, వస్తువులుగా మార్చుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టవలసిన దశ ఇది. మీరు రాసుకున్న ప్రతి ప్రశ్ననూ చూసి, దానికి ఒక చోటు పేరుతోనో, ఒక వస్తువు పేరుతోనో, ఒక మనిషి మాటతోనో జవాబు చెప్పవచ్చా అని పరీక్షించండి. చెప్పలేని ప్రశ్నను తిరగరాయండి.

- "మీ బాల్యం మీ కళపై ఎలాంటి ప్రభావం చూపింది?" అని అడగకండి. "మీరు మొదట బొమ్మ గీసింది దేనిమీద? అది మీ ఇంట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి.
- "మీకు స్ఫూర్తి ఎవరు?" అనే ప్రశ్నకు అందరూ ఒక పెద్ద పేరు చెప్పి ఊరుకుంటారు. "మీ పనిలో తప్పు ఉందని మొదట చెప్పినది ఎవరు? అప్పుడు మీరిద్దరూ ఎక్కడ ఉన్నారు?" అని అడిగితే ఆ మనిషీ, ఆ చోటూ కలిసి వస్తాయి.
- "ఈ నగరం మీకు ఏమిచ్చింది?" అనడానికి బదులు, "ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో మీరు ఎక్కువగా నడిచిన దారి ఏది? ఇప్పుడు ఆ దారిలో వెళ్తే ఏం కనిపిస్తుంది?" అని అడగండి.
- "సొంత ఊరు గుర్తొస్తుందా?" అంటే గుర్తొస్తుందనే అంటారు. "మీ ఇంట్లో వాడే మాటల్లో, ఇక్కడ ఎవరికీ అర్థం కాక మీరు మానుకున్నవి ఏవి?" అని అడిగి చూడండి. రచయితలూ గాయకులూ ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగుతారు.

ప్రశ్నలోని పదాలను ఎంచుకోవడంలో అశ్రద్ధ వద్దు. మనం వాడే క్రియాపదమే ఎదుటివారి జ్ఞాపకాన్ని మార్చగలదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు కారు ప్రమాదం ఉన్న చిన్న చలనచిత్రాన్ని చూపించి, కార్ల వేగం ఎంతో చెప్పమన్నారు. కార్లు ఒకదాన్నొకటి తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు అని కొందరినీ, కొట్టుకున్నప్పుడు అని మరికొందరినీ అడిగారు. వారం తరువాత, పగిలిన గాజు చూశారా అని అడిగితే, మొదటి రకం ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. రెండో రకం ప్రశ్న విన్న 50 మందిలో 7 మందే అలా అన్నారు. చిత్రంలో గాజు పగలనే లేదు. కాబట్టి "ఊరు వదిలి రావడం ఎంత బాధ కలిగించింది?" అని అడిగితే, ఆ బాధను మీరే వారి జ్ఞాపకంలో పెట్టినట్టవుతుంది. "ఊరి నుంచి బయలుదేరిన రోజు గురించి చెప్పండి" అనండి. అది బాధో, సంతోషమో, భయమో వారే చెబుతారు.

ఏ వయసు గురించి ఎక్కువగా అడగాలన్నది ఇంకొక సందేహం. నడివయసు దాటినవారికి సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య కాలంలోని జ్ఞాపకాలు మిగతా కాలాల కంటే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తిపై జరిగిన అధ్యయనాలు చూపించాయి. మీ ప్రశ్నల్లో సగానికి పైగా ఆ కాలానికి కేటాయించండి. పసితనం గురించి అడిగితే తరచుగా ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న కథే వస్తుంది. అది పనికిరాదని కాదు, విన్న కథ అని రాతలో చెప్పాలి.

హెచ్చరిక: "మూలాలు" అనే మాట కొందరికి గుచ్చుకుంటుంది. "మీరు ఎవరివాళ్ళు?", "మీ ఇంటిపేరు ఏమిటి?", "మీది ఏ వైపు?" వంటి ప్రశ్నలు తెలుగులో కులం అడిగినట్టు వినిపిస్తాయి, చాలాసార్లు అడిగేవారి ఉద్దేశం కూడా అదే. ఆ విషయం వారి కళకు సంబంధించినదైతే వారే చెబుతారు, చెప్పినప్పుడు వారి మాటల్లోనే రాయండి. వారు చెప్పనిదాన్ని ఇంటిపేరు నుంచి ఊహించి పరిచయ వాక్యంలో పెట్టడం నా దృష్టిలో క్షమించరాని తప్పు.

చివరికి పన్నెండు ప్రశ్నలు ఉంచుకోండి. రెండు గంటల్లో అన్నీ అడగలేరు, అడగనక్కర లేదు కూడా.

5. చోటును, రికార్డింగును సిద్ధం చేసుకోండి

వారు పనిచేసే చోటే అన్నిటికంటే మంచిది. అక్కడి వస్తువులే ప్రశ్నలు గుర్తు చేస్తాయి. హోటళ్ళలో కలవడం వద్దు. గిన్నెల చప్పుడు, పక్కబల్ల మాటలు చెవికి అలవాటైపోతాయి కానీ మైకుకు అలవాటు కావు. ఫ్యాను ఆపడం కుదరకపోతే మైకును దాని గాలి తగలని వైపు పెట్టండి.

కాలరు మైకును గడ్డానికి జానెడు దూరంలో తగిలించండి. వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ అమరికలో రికార్డు చేయండి. ఒక్క మైకుతో గంటకు సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా, తెరపై ధ్వని స్థాయిని చూపే సూచిక మైనస్ 12 డెసిబెల్‌ల దగ్గరే ఉండేలా చూసుకోండి. సున్నాను తాకిన ధ్వని చీలిపోతుంది, దాన్ని తరువాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఫోనుతో రికార్డు చేస్తుంటే విమాన మోడ్‌లో పెట్టడం మరవకండి, ఎందుకంటే చాలా ఫోన్లలో కాల్ రాగానే రికార్డింగు ఆగిపోతుంది. మొదట ఒక నిమిషం మాట్లాడించి, ఇయర్‌ఫోన్లతో విని, ఆ తరువాతే అసలు సంభాషణ మొదలుపెట్టండి. ఒకసారి నేను ఇలా విని చూడకుండా గంటన్నర మాట్లాడి, ఇంటికి వచ్చి వింటే కుర్తా మైకును రాసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ వృద్ధ గాయని నన్ను మళ్ళీ పిలిచి ఓపికగా మాట్లాడారు, కానీ మొదటి రోజు చెప్పిన తీరు రెండో రోజు రాలేదు.

6. మాట్లాడించేటప్పుడు ఆగడం నేర్చుకోండి

జవాబు పూర్తయిందని మీకు అనిపించాక మనసులో మూడు లెక్కపెట్టండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల నాటికే తరగతి గదుల్లో దీన్ని కొలిచారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని ఆమె గమనించారు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా ఇది పనిచేస్తుంది. మొదటి జవాబు అలవాటుగా చెప్పేది అయితే, ఆగిన తరువాత వచ్చేది ఆ రోజు తలుచుకుని చెప్పేది.

"ఆహా", "అవునా", "నిజమే" అని మధ్యమధ్యలో అనకండి. తల ఊపితే చాలు. రాసేటప్పుడు మీ మాటలు వారి వాక్యాల మీద పడి ఎంత ఇబ్బంది పెడతాయో ఒకసారి రికార్డింగు వింటే తెలుస్తుంది.

ఎదుటివారు కన్నీళ్ళు పెట్టుకుంటే రికార్డరు వైపు చూడకండి. నీళ్ళు ఇచ్చి, ఆపమంటారా అని అడగండి. ఆపమంటే ఆపండి. తిరిగి మొదలుపెట్టాక ఆ విషయానికి వారంతట వారు వస్తేనే వెళ్ళండి.

7. వారి చేత నగర పటం గీయించండి

సంభాషణ చివరి అరగంట దీనికి కేటాయించండి. తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, "మీ నగరాన్ని గీయండి, కొలతలు సరిగా ఉండనక్కర లేదు" అని చెప్పండి. కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికవేత్త బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లో నివసించేవారి చేత ఇలాగే పటాలు గీయించి, 1960లో తన ఫలితాలను ప్రచురించారు. మనుషులు నగరాన్ని దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, గుర్తులు అనే అయిదు రకాలుగా మనసులో నిలుపుకుంటారని ఆయన తేల్చారు. ఈ అయిదు పేర్లు మీ నోటు పుస్తకంలో రాసుకుని, పటంలో ఏది రాలేదో చూసి అడగండి. "మీరు ఎప్పుడూ దాటని రోడ్డు ఏది?" అని అంచు గురించి అడిగినప్పుడు, ఒక మనిషికి ఈ నగరం ఎక్కడ తెరుచుకుందో, ఎక్కడ మూసుకుపోయిందో బయటపడుతుంది.

పటంలో ఇప్పటికీ ఉన్నవాటిని ఒక రంగుతో, పోయినవాటిని రెండో రంగుతో గీయమనండి. తరువాత ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- మొదటిసారి వచ్చిన స్నేహితుడికి ఒక్క సాయంత్రమే ఉంటే, ఈ పటంలో ఎక్కడికి తీసుకువెళ్తారు? ఏ వేళకు?
- మీ కళను చూడడానికో వినడానికో వచ్చేవారు ఏం చేస్తే మీకు ఇబ్బందిగా ఉంటుంది?
- డబ్బు ఖర్చు కాకుండా మీ రంగంలోని పనిని దగ్గరగా చూడగల చోటు ఏది?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే అసలైన సాంస్కృతిక సూచనలు. కచేరీ మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే పాట ముగిసేదాకా ఆగాలని, పనివారి చేతులను ఫొటో తీసే ముందు అడగాలని, ఆరని చిత్రాన్ని వేలితో తాకకూడదని ఎవరో ప్రవర్తనా నియమంగా రాస్తే చదువరి దాటిపోతాడు. అదే మాట ఆ పని చేసే మనిషి తనకు కలిగిన నష్టంతో కలిపి చెబితే గుర్తుపెట్టుకుంటాడు.

పటం గీయడం ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. వారు నడవగలిగితే ఒక వీధిలో కలిసి నడవండి, లేదా ఒక మామూలు రోజున ఉదయం నుంచి రాత్రి దాకా ఎక్కడెక్కడికి వెళ్తారో వరుసగా చెప్పమనండి.

8. రాతలోకి దించండి

గంట సంభాషణను ఉన్నదున్నట్టు రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. యంత్రం చేత రాయించినా, మాండలికాన్ని, ఊళ్ళ పేర్లను, వృత్తి పదాలను అది తప్పుగా వింటుంది కాబట్టి ప్రతి వాక్యాన్నీ విని సరిచూడాలి.

వారు "చేసిండు" అంటే "చేశాడు" అని మార్చకండి, "చేసినాడు" అన్నా అంతే. మూలాల గురించిన వ్యాసంలో మాట తీరును చెరిపివేస్తే మూలాన్నే చెరిపినట్టు. మీ ప్రశ్నలు, పరిచయం మీ శైలిలో రాసుకోండి, జవాబులు వారి శైలిలో ఉంచండి. కొన్ని వాక్యాల్లో మాండలికం, కొన్నింటిలో పుస్తక భాష పెట్టి కలగాపులగం చేయడం మరింత పెద్ద తప్పు. వృత్తి పదం చదువరికి తెలియదనుకుంటే, దాని అర్థాన్ని పక్క వాక్యంలో ఇమిడేలా చెప్పండి. తడబాట్లు, ఒకే మాట రెండుసార్లు రావడం తీసివేయవచ్చు. వాక్యాల వరుస మార్చితే మాత్రం అర్థం మారలేదని రికార్డింగు విని నిర్ధారించుకోండి.

సంబోధన విషయంలో ఒక మాట. మాట్లాడేటప్పుడు చనువును బట్టి అన్నా, అక్కా, మాస్టారూ అని పిలిచినా, అచ్చులో మొదట పూర్తి పేరు, తరువాత "గారు" సరిపోతాయి. వయసులో చిన్నవారైన కళాకారులను కూడా "మీరు" అనే రాయండి.

9. చెప్పిన చోట్లన్నీ తిరిగి చూడండి

ఈ దశను వదిలేసినవారే ఎక్కువ. పటాన్ని పట్టుకుని, ఇప్పటికీ ఉన్నాయని చెప్పిన చోట్లకు స్వయంగా వెళ్ళండి. ప్రతి చోటా ఈ వివరాలు రాసుకోండి: తెరిచే వేళలు, మూసే రోజు, ప్రవేశ రుసుము, ఫొటోలకు అనుమతి, మెట్లు ఎన్ని, చక్రాల కుర్చీకి దారి ఉందా, మరుగుదొడ్డి ఉందా, రాత్రి తిరిగి రావడానికి వాహనం దొరుకుతుందా. చూసిన తేదీ కూడా రాయండి, ప్రచురించేటప్పుడు ఆ తేదీని సూచన పక్కనే ఇవ్వండి.

సూచన ఎలా ఉండాలో ఒక నమూనా చూపిస్తాను. "పాత గ్రంథాలయం తప్పక చూడవలసిన చోటు" అన్న వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "ఆయన ఇరవై ఏళ్ల వయసులో పత్రికలు చదువుకున్న గది మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. చదువుకోవడానికి సభ్యత్వం అక్కరలేదు కానీ సంచిని కింద అప్పగించాలి. కిటికీ పక్క బల్ల కావాలంటే తెరిచే వేళకే వెళ్ళండి" అని రాస్తే, వెళ్ళాలనుకునేవారికి దారి తెలుస్తుంది, వెళ్ళనివారికి ఆయన యవ్వనంలోని ఒక గది కనిపిస్తుంది. ఇలాంటివి నాలుగు చాలు.

పోయిన చోట్లను జాబితా నుంచి తీసివేయకండి. అక్కడ ఇప్పుడేముందో ఒక వాక్యంలో చెప్పండి. కళాకారుడు చెప్పిన సంవత్సరానికీ, మీకు దొరికిన ఆధారానికీ పొంతన కుదరకపోతే నిశ్శబ్దంగా దిద్దవద్దు. వారికే ఫోను చేసి అడగండి. తేలకపోతే సంవత్సరం తీసివేసి "చదువుకునే రోజుల్లో" అనండి.

హెచ్చరిక: ఇంటి చిరునామా, పిల్లలు చదివే బడి, వారు రోజూ ఒంటరిగా నడిచే వేళ, ఇరుగుపొరుగువారి పేర్లు ప్రచురించకండి. పటం ఫొటో పెట్టేటప్పుడు ఇంటి గుర్తు కనిపించకుండా చూడండి. వారు అనుమతించినా సరే ఇదే పాటించమని నా సలహా.

10. ప్రచురణకు ముందు చూపించండి

ముఖాముఖీలకు పేరుపడిన పారిస్ రివ్యూ పత్రిక 1953లో మొదలైనప్పుడు తొలి సంచికలోనే ఆంగ్ల నవలా రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్‌తో సంభాషణ వేసింది. తమ జవాబులను సరిదిద్దుకునే అవకాశం రచయితలకు ఇవ్వడం ఆ పత్రిక పద్ధతి. మీరు అంత దూరం వెళ్ళకపోయినా, వాస్తవాలు, పేర్లు, మాండలిక పదాలు సరిచూడమని జవాబుల భాగాన్ని పంపండి. మీ పరిచయ వాక్యాలు, మీ అభిప్రాయాలు మాత్రం పంపనక్కర లేదు. సమాధానానికి ఒక వారం గడువు చెప్పండి. చదవడం కష్టమైన పెద్దవారికి ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. అప్పుడు కొత్త జ్ఞాపకాలు వస్తాయి, నోటు పుస్తకం దగ్గర ఉంచుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ముగింపును ముందే నిర్ణయించుకుని వెళ్ళడం. "పల్లె నుంచి నగరానికి, పేదరికం నుంచి కీర్తికి" అన్న చట్రంలో ఇమడని జవాబులను రాసేవారు తెలియకుండానే వదిలేస్తారు. ఊరిని ప్రేమించని కళాకారులు ఉంటారు, నగరమే తమ మూలమని చెప్పేవారు ఉంటారు. వారి మాటను ఉన్నదున్నట్టు రాయండి.

ఒకే ఊపిరిలో మూడు ప్రశ్నలు అడిగితే చివరిదానికే జవాబు వస్తుంది. తెలిసినవారి దుకాణానికో, సంస్థకో సూచనల్లో చోటిస్తే చదువరి ఇంకెప్పుడూ మిమ్మల్ని నమ్మడు. ఎవరైనా మీకు ఉచిత ప్రవేశం ఇచ్చి ఉంటే ఆ సంగతి అక్కడే రాయండి.

ఫలితం సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం ఎలా

కళాకారుడి పేరు కప్పివేసి, వారిని ఎరిగిన ఒకరికి వ్యాసం ఇవ్వండి. మొదటి పేజీలోనే ఎవరో గుర్తుపడితే జవాబుల్లో ఆ మనిషి ఉన్నట్టు. తరువాత అచ్చు ప్రతిలో చోట్ల పేర్లు, వస్తువుల పేర్లు అన్నిటి చుట్టూ సున్నాలు చుట్టండి. పేజీలో అయిదు కూడా లేకపోతే నాలుగో దశకు వెనక్కి వెళ్ళి, ఫోనులో మరో పావుగంట మాట్లాడి రాయండి. చివరగా, నగరానికి కొత్తవారైన ఒకరికి మీ సూచనల్లో ఒకటి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా వెళ్ళి రమ్మనండి. వారు దారిలో ఎక్కడ ఆగి ఇతరులను అడగవలసి వచ్చిందో, అక్కడ మీ వాక్యం సరిపోలేదు.

అంతా ముగిశాక రికార్డింగుకు మూడు ప్రతులు తీయండి. అవి కనీసం రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి మీ ఇంటి బయట ఉండాలి. ఫైలు పేరులో తేదీ, కళాకారుడి పేరు, నగరం పేరు పెట్టండి. ఒక ప్రతిని, వారు గీసిన అసలు పటంతో కలిపి ఆ కళాకారుడి కుటుంబానికి అప్పగించండి. మీ దగ్గర నకలు ఉంటే చాలు.